విదేశీ సైనిక స్థావరాల్లో లైంగిక దాడుల నివారణ

ఒక దేశపు సైన్యం పరాయి గడ్డ మీద ఏళ్ల తరబడి మకాం వేస్తే దాని చుట్టూ ఒక ఊరే వెలుస్తుంది. సైనికులతో పాటు వారి భార్యలు, భర్తలు, పిల్లలు, బడి పంతుళ్లు, ఆస్పత్రి నర్సులు, కాంట్రాక్టు ఉద్యోగులు అందరూ కంచె లోపల కాపురముంటారు. ఈ సముదాయంలో లైంగిక దాడులు జరగకుండా చూడటం, జరిగితే బాధితులకు అండగా నిలవడం, దోషుల్ని శిక్షించడం కోసం గత ముప్ఫై ఏళ్లలో చాలా చట్టాలు, పద్ధతులు పుట్టుకొచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం అమెరికా సైన్యానివే. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ విదేశీ స్థావరాలున్నది ఆ దేశానికే. జపాన్‌లో సుమారు 54,000 మంది, జర్మనీలో సుమారు 35,000 మంది, దక్షిణ కొరియాలో 28,500 మంది అమెరికా సైనికులున్నారు. తమ సైన్యంలో ఈ నేరం ఎంత ఉందో సర్వేలు చేసి, ఆ లెక్కలను క్రమం తప్పకుండా బయటపెట్టిన దేశాల్లో అదొకటి. అందుకే ఈ వ్యాసం చాలావరకు ఆ అనుభవం చుట్టూ తిరుగుతుంది.

కంచె లోపలి బతుకు

సొంత దేశంలో ఒక మహిళా సైనికురాలిపై దాడి జరిగితే, యూనిట్‌లో చెప్పుకోలేకపోయినా ఊరి పోలీసు స్టేషన్ ఉంది, వేరే ఆస్పత్రి ఉంది, బస్సెక్కితే పుట్టిల్లు ఉంది. పరదేశంలో ఆ దారులన్నీ ఒకే చోటికి వెళ్లి ఆగిపోతాయి. ఆమె ఉద్యోగం, ఉండే గది, చూసే డాక్టరు, విచారించే పోలీసు, ఇంటికి పంపే విమానం టికెట్టు అన్నీ సైన్యం చేతిలోనివే. తోటివాళ్లంతా ఒకే భోజనశాలలో తింటారు, ఒకే జిమ్‌కు వెళతారు. దాడి చేసినవాడు మర్నాడు పొద్దున పరేడ్‌లో పక్క వరసలో నిలబడతాడు.

సైనికుల భార్యల పరిస్థితి ఇంకా ఇరుకు. ఆ దేశంలో ఆమె ఉండటానికి హక్కు భర్త ఉద్యోగం వల్ల వచ్చింది. స్థావరంలోని ఇల్లు, ఆస్పత్రి కార్డు, పిల్లల బడి అన్నీ అతని పేరు మీదే ఉంటాయి. భర్త మీద గానీ, అతని పై అధికారి మీద గానీ నోరు విప్పితే ఇవన్నీ ఒక్క దెబ్బతో పోతాయేమోనన్న భయం ఆమెను వెనక్కి లాగుతుంది. స్థానిక పోలీసుల దగ్గరికి వెళదామంటే భాష రాదు. వచ్చినా, స్థావరం లోపలి నేరంలో వాళ్లకు చాలాసార్లు అధికారం ఉండదు. విదేశీ స్థావరాల్లో నివారణకు ఉన్న చిక్కు అంతా ఇక్కడే ఉంది. అన్ని తలుపులూ ఒకే అధికారి గదిలోకి తెరుచుకునే చోట, ఆ అధికారి ఎంత మంచివాడైనా సరే, బాధితులు తట్టగలిగే వేరే తలుపు ఒకటి ఉండి తీరాలి. ఈ రంగంలో జరిగిన మంచి సంస్కరణలన్నీ అలాంటి తలుపును తెరవడానికి చేసిన ప్రయత్నాలే.

అమెరికా రక్షణ శాఖ 2023 సర్వే ప్రకారం, సర్వేకు ముందు ఏడాది కాలంలో క్రియాశీల సైన్యంలోని మహిళల్లో 6.8 శాతం మంది, పురుషుల్లో 1.3 శాతం మంది ఏదో ఒక రూపంలో అవాంఛిత లైంగిక స్పర్శకో దాడికో గురయ్యారు. మొత్తం మీద సుమారు 29,000 మంది. 2021లో ఈ అంచనా దాదాపు 36,000. సైన్యంలో పురుషుల సంఖ్య చాలా ఎక్కువ కాబట్టి, శాతం తక్కువగా కనిపించినా బాధితుల్లో దాదాపు సగం మంది పురుషులే. కొత్తగా చేరినవాళ్లను ఏడిపించే పేరుతో, ‘మగతనం’ పరీక్షించే పేరుతో వారిపై జరిగే దాడులు ఎక్కువగా దాడుల లెక్కలోకి రావు. తమకు జరిగినదాన్ని లైంగిక దాడి అని పిలవడానికి చాలామంది మగవాళ్లు ఒప్పుకోరు. నివారణ అంటే ఆడవాళ్లకు జాగ్రత్తలు చెప్పడమే అనుకునే కార్యక్రమాలు వీళ్లను పూర్తిగా వదిలేస్తాయి.

ముప్పు ఎక్కువగా ఉండేది ఇల్లు విడిచి మొదటిసారి దూరదేశం వచ్చిన, ఇరవై ఏళ్లు అటూ ఇటూగా ఉన్న, కింది ర్యాంకుల కుర్రకారుకు. బ్యారక్స్‌లో పక్కపక్క గదుల్లో ఉంటారు. అమెరికాలో 21 ఏళ్లు నిండితే గానీ మద్యం ముట్టకూడదు. జర్మనీలో ఉన్న సైనికుడికి 18 చాలు, జపాన్‌లో 20. తాగడం అప్పుడే మొదలుపెట్టినవాడు, అడ్డు చెప్పే పెద్దలు లేనివాడు, వారాంతం వస్తే బ్యారక్స్ తప్ప మరో లోకం తెలియనివాడు అక్కడ వేలల్లో ఉంటారు. మద్యం దాడికి కారణం కాదు. కానీ దాడి చేయదలచినవాడు దాన్ని పనిముట్టుగా వాడుకుంటాడు, పక్కనున్నవాళ్లు చూసీ చూడనట్టు వదిలేయడానికి సాకు చేసుకుంటారు.

ఎవరి చట్టం, ఎవరి కోర్టు

పరదేశంలో ఉన్న సైనికుడిపై ఎవరి చట్టం నడుస్తుందో రెండు దేశాల మధ్య ఒప్పందం తేలుస్తుంది. నాటో దేశాల మధ్య 1951లో, అమెరికా, జపాన్‌ల మధ్య 1960లో ఇలాంటి ఒప్పందాలు కుదిరాయి. వాటిలో ఒక సూత్రం ఉమ్మడిగా ఉంది. నేరం చేసినవాడు సైనికుడై, బాధితులు కూడా ఆ సైన్యానికి చెందినవారో వారి కుటుంబసభ్యులో అయితే, మొదటి హక్కు సైన్యాన్ని పంపిన దేశానిది. అంటే సముదాయం లోపలి దాడుల భారం చాలావరకు సైనిక న్యాయంపైనే పడుతుంది.

నేరం చేసినవాడు సైనికుడు కాకపోతే ఏమవుతుంది? 1957లో అమెరికా సుప్రీంకోర్టు, సైనికుల కుటుంబసభ్యులను శాంతికాలంలో కోర్టు మార్షల్‌లో విచారించడం చెల్లదని తీర్పు చెప్పింది. అది వారి రాజ్యాంగ హక్కులకు సంబంధించిన మంచి తీర్పే. కానీ దాని వల్ల ఏర్పడిన ఖాళీని పూడ్చడానికి నలభై ఏళ్లకు పైగా ఎవరూ పూనుకోలేదు. జర్మనీలోని ఒక స్థావరంలో ఓ సైనికురాలి భర్త, సైన్యంతో సంబంధం లేని మనిషి, తన సవతి కూతురిపై అత్యాచారానికి పాల్పడ్డాడు. అమెరికా కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. అయినా 2000లో అప్పీలు కోర్టు, విదేశీ స్థావరంలో జరిగిన ఆ నేరాన్ని విచారించే అధికారం తమ చట్టానికి లేదని శిక్షను కొట్టేయాల్సి వచ్చింది. న్యాయమూర్తులు ఆ తీర్పు ప్రతిని అమెరికా కాంగ్రెస్ కమిటీలకు పంపాలని ఆదేశించారు. అదే ఏడాది విదేశాల్లోని సైనిక కుటుంబసభ్యులు, కాంట్రాక్టర్లు చేసే తీవ్ర నేరాలను అమెరికా పౌర కోర్టుల్లో విచారించే చట్టం వచ్చింది. ఏడాదికి మించి జైలు శిక్ష పడే నేరాలకే అది వర్తిస్తుంది. పైగా వేల మైళ్ల దూరంలోని కేసును అమెరికాలోని ప్రాసిక్యూటర్ చేపట్టాలంటే సాక్షులను, ఆధారాలను సముద్రాలు దాటించాలి. చట్టమైతే వచ్చింది గానీ దాన్ని వాడటం సులువైన పని కాదు.

పిల్లల విషయంలో ఈ లోపం మరీ బాధాకరం. స్థావరాల్లోని ఇళ్లలో, బడుల్లో పిల్లలు తోటి పిల్లలపై జరిపిన లైంగిక దాడుల గురించి 2018లో అసోసియేటెడ్ ప్రెస్ పరిశోధన ప్రచురించింది. 2007 నుంచి దాదాపు 600 కేసులు దాని లెక్కలోకి వచ్చాయి. సైనిక చట్టం పిల్లలకు వర్తించదు, విదేశంలో అమెరికా బాలల న్యాయస్థానం ఉండదు. నిందితుడి కుటుంబాన్ని స్వదేశానికి తిప్పి పంపేయడం అధికారులకు అందుబాటులో ఉన్న తేలిక మార్గమైంది. దాడికి గురైన పిల్లకు గానీ, చికిత్స అవసరమైన ఆ పిల్లవాడికి గానీ దాని వల్ల ఒరిగిందేమీ లేదు. పరిశోధన వెలువడ్డాక అదే ఏడాది చేసిన రక్షణ చట్టంలో, ఇలాంటి ప్రతి సంఘటననూ సైన్యపు కుటుంబ సంరక్షణ విభాగం నమోదు చేసి ఇద్దరు పిల్లలకూ సాయం అందించాలని నిర్దేశించారు.

అవియానో కేసు

ఇటలీ ఉత్తర భాగంలో ఆల్ప్స్ కొండల కింద, అమెరికా వైమానిక దళం వాడుకునే అవియానో స్థావరం ఉంది. 2012 మార్చిలో అక్కడి ఒక ఎఫ్-16 పైలట్ ఇంట్లో విందు జరిగింది. అతను లెఫ్టినెంట్ కర్నల్. ఆ రాత్రి ఇంట్లో నిద్రపోయిన ఒక అతిథిపై లైంగిక దాడి చేశాడన్నది అభియోగం. ఆమె స్థావరం ఆస్పత్రిలో పనిచేసే పౌర వైద్య సిబ్బందిలో ఒకరు. ఆ ఏడాది నవంబరులో కోర్టు మార్షల్ జరిగింది. జ్యూరీలోని అధికారులు అందరి వాంగ్మూలాలూ విని అతన్ని దోషిగా తేల్చారు. ఏడాది జైలు, ఉద్యోగం నుంచి తొలగింపు శిక్షగా విధించారు.

2013 ఫిబ్రవరిలో థర్డ్ ఎయిర్‌ఫోర్స్ కమాండర్ లెఫ్టినెంట్ జనరల్ క్రెయిగ్ ఫ్రాంక్లిన్ ఆ తీర్పును పూర్తిగా రద్దు చేశారు. ఆయన న్యాయమూర్తి కాదు, విచారణలో కూర్చున్నవారూ కాదు. కోర్టు మార్షల్ తీర్పును తన ఇష్టం మేరకు మార్చే అధికారం అప్పటి సైనిక చట్టం ఆయనకిచ్చింది. మంచి భర్త, మంచి తండ్రి అయిన మనిషి ఇలా చేశాడంటే నమ్మశక్యం కాలేదని తన వివరణలో రాశారు. పైలట్‌ను తిరిగి విధుల్లోకి తీసుకున్నారు.

నివారణ గురించి రాసేటప్పుడు ఈ కేసును దాటి వెళ్లలేం. ఆ వార్త చదివిన ప్రతి మహిళా సైనికురాలూ, ప్రతి నర్సూ ఏం తెలుసుకుని ఉంటుందో ఊహించవచ్చు. ఫిర్యాదు చేసి, పరీక్షలు చేయించుకుని, నెలల తరబడి ప్రశ్నలకు జవాబులు చెప్పి, చివరికి గెలిచినా ఒక్క సంతకంతో అంతా చెరిగిపోతుంది. దాడి చేయాలనుకునేవాడు కూడా అదే తెలుసుకుంటాడు.

సెనేటర్లు క్లేర్ మెక్‌కాస్కిల్, కిర్స్‌టెన్ గిల్లిబ్రాండ్ దీన్ని గట్టిగా పట్టుకున్నారు. ఆ ఏడాది డిసెంబరులో వచ్చిన చట్టం తీవ్ర నేరాల తీర్పులను రద్దు చేసే అధికారాన్ని కమాండర్ల నుంచి తీసేసింది. ఫిర్యాదు చేసినవారిపై కక్ష సాధింపును నేరం చేసింది. బాధితుల తరఫున ప్రత్యేక న్యాయవాదిని సైన్యమే సమకూర్చే పద్ధతి 2013 జనవరిలో వైమానిక దళంలో మొదలై, తర్వాత మిగతా దళాలకూ పాకింది. ఆ న్యాయవాది బాధితుల మాటకే కట్టుబడతారు, కమాండర్‌కు జవాబుదారీ కాదు.

అయినా ఎవరిపై కేసు పెట్టాలో, ఎవరిపై వద్దో తేల్చే అధికారం మరో పదేళ్లు కమాండర్ల చేతిలోనే ఉంది. 2020లో టెక్సాస్‌లోని ఫోర్ట్ హుడ్‌లో వనెస్సా గియెన్ అనే యువ సైనికురాలి హత్య దేశాన్ని కుదిపేసింది. దాని తర్వాత నియమించిన స్వతంత్ర సమీక్షా సంఘం 2021లో 80కి పైగా సిఫార్సులు చేసింది. అత్యాచారం, లైంగిక దాడి వంటి నేరాల్లో ప్రాసిక్యూషన్ నిర్ణయం కమాండర్ల నుంచి స్వతంత్ర సైనిక ప్రాసిక్యూటర్లకు 2023 డిసెంబరు 28 నుంచి మారింది. ఈ ప్రాసిక్యూటర్లు తమ దళపు పౌర మంత్రికి నేరుగా జవాబు చెబుతారు. మధ్యలో జనరళ్లు ఉండరు.

ఫిర్యాదుకు రెండు దారులు

2005లో అమెరికా రక్షణ శాఖ తెచ్చిన పద్ధతి ప్రకారం బాధితులు రెండు విధాలుగా ఫిర్యాదు చేయవచ్చు. బహిరంగ ఫిర్యాదైతే దర్యాప్తు మొదలవుతుంది. గోప్య ఫిర్యాదైతే వైద్యం, కౌన్సెలింగ్, న్యాయ సలహా అందుతాయి గానీ కమాండర్‌కు పేరు తెలియదు, పోలీసులు రారు. తొలినాళ్లలో కొందరు దీన్ని నేరాన్ని దాచే ఏర్పాటన్నారు. కానీ విదేశీ స్థావరంలో ఈ వెసులుబాటు లేకపోతే చాలామంది ఆస్పత్రి గడప కూడా తొక్కరు.

గోప్య ఫిర్యాదు ఎలా నడుస్తుందో చూస్తే దాని విలువ అర్థమవుతుంది. బాధితురాలు స్థావరంలో లైంగిక దాడుల కేసులు చూసే సమన్వయకర్తను కలుస్తుంది. ఆమె ఎదుట ఒక ఫారం పెట్టి, రెండు దారుల్లో దేనికి ఏమవుతుందో ఒక్కొక్క పేరా చదివి వినిపిస్తారు. తాను ఎంచుకున్నదాని పక్కన ఆమె సంతకం చేస్తుంది. ఒప్పుకుంటే శిక్షణ పొందిన నర్సు ఫోరెన్సిక్ పరీక్ష చేస్తుంది. సేకరించిన నమూనాల పెట్టె మీద పేరు రాయరు, ఒక నియంత్రణ సంఖ్య రాసి సీలు వేస్తారు. ఆమె మనసు మార్చుకుని బహిరంగ ఫిర్యాదు చేస్తానంటే ఆ సంఖ్య ద్వారానే పెట్టెను వెతికి, జార్జియా రాష్ట్రంలోని సైనిక ప్రయోగశాలకు పంపుతారు. నమూనాలు పాడవలేదు కాబట్టి ఆలస్యమైందన్న కారణంతో కేసు చచ్చిపోదు.

విదేశంలో దీనికి ఒక గండి ఉంది. చిన్న స్థావరాల్లో ఫోరెన్సిక్ పరీక్ష చేయగల నర్సు ఉండకపోవచ్చు. అప్పుడు స్థానిక ఆస్పత్రికి వెళ్లాలి. లైంగిక దాడి కేసు వస్తే పోలీసులకు తప్పనిసరిగా చెప్పాలని ఆ దేశపు చట్టం అంటే, గోప్యత అక్కడితో ముగిసిపోతుంది. అందుకే కొత్తగా విదేశానికి వచ్చే సైనికుడికి ఇచ్చే తొలి వారపు పరిచయంలో స్థానిక చట్టం ఏమంటుందో స్పష్టంగా చెప్పడం అవసరం. ఏ ఆస్పత్రికి వెళితే ఏమవుతుందో ముందే తెలిసి ఉండాలి. దాడి జరిగిన రాత్రి తెలుసుకునే విషయం కాదది.

2019లో మొదలైన మరో ఏర్పాటు ప్రకారం, గోప్య ఫిర్యాదుదారులు తమపై దాడి చేసినవాడి వివరాలను దర్యాప్తు విభాగపు డేటాబేస్‌లో పేరు చెప్పకుండానే నమోదు చేయవచ్చు. అదే మనిషి గురించి మరొకరు కూడా రాసి ఉంటే ఇద్దరికీ కబురు అందుతుంది, అప్పుడు బహిరంగంగా ముందుకు రావాలో వద్దో వాళ్లే తేల్చుకుంటారు. రెండు మూడేళ్లకోసారి దేశాలు మారిపోయే సైన్యంలో, ఒక స్థావరంలో దాడి చేసినవాడు తర్వాత మరో ఖండంలో కొత్త ముఖంతో తిరిగే చోట, ఇది చాలా పెద్ద రక్షణ. ఇక వెంటనే బదిలీ కోరే హక్కు 2011 చివరి నుంచి ఉంది. పేరు చెప్పకుండా మాట్లాడాలనుకునేవారికి ప్రపంచంలో ఎక్కడి నుంచైనా పగలూ రాత్రీ అందుబాటులో ఉండే సేఫ్ హెల్ప్‌లైన్ కూడా ఆ ఏడాదే మొదలైంది. దాన్ని నడిపేది రెయిన్ అనే పౌర సంస్థ.

కంచె బయట, కర్ఫ్యూ లోపల

ఒకినావా జపాన్ భూభాగంలో 0.6 శాతం మాత్రమే. కానీ ఆ దేశంలో అమెరికా సైన్యం సొంతంగా వాడుకునే స్థావరాల విస్తీర్ణంలో దాదాపు 70 శాతం అక్కడే ఉంది. 1995 సెప్టెంబరులో ముగ్గురు అమెరికా సైనికులు పన్నెండేళ్ల బాలికను ఎత్తుకుపోయి అత్యాచారం చేశారు. అక్టోబరు 21న గినోవాన్ నగరంలో 85,000 మంది నిరసన సభ జరిపారు. ఆ తర్వాతి నెలలో పసిఫిక్ దళాల అధిపతి అడ్మిరల్ రిచర్డ్ మాకీ, కారు అద్దెకు కట్టిన డబ్బుతో ఆ ముగ్గురూ ఒక అమ్మాయిని కొనుక్కుని ఉండాల్సిందన్న అర్థం వచ్చేలా మాట్లాడి పదవి పోగొట్టుకున్నారు. అంత పై స్థాయి అధికారి నోట ఆ మాట వచ్చిందంటే, కింది స్థాయిలో ఏ వాతావరణం ఉందో వేరే చెప్పనక్కర్లేదు. సుజుయో తకాజాతో వంటి మహిళలు ఆ ఏడాదే సైనిక హింసను ఎదిరించే సంఘాన్ని, అత్యాచార బాధితులకు సలహా కేంద్రాన్ని నెలకొల్పారు. హత్య, అత్యాచారం కేసుల్లో చార్జిషీటుకు ముందే నిందితుణ్ని జపాన్‌కు అప్పగించే విషయాన్ని ‘సానుభూతితో’ పరిశీలిస్తామని అమెరికా ఒప్పుకుంది. పరిశీలిస్తామన్నారే గానీ అప్పగిస్తామని కాదు.

కంచె బయట జరిగే దాడులకు సైన్యం అలవాటుగా ఇచ్చే సమాధానం కర్ఫ్యూ. కొరియాలో 2011 నుంచి 2019 దాకా రాత్రి కర్ఫ్యూ నడిచింది. జపాన్‌లో 2012 అక్టోబరులో, ఇద్దరు నావికులు ఒకినావా మహిళపై అత్యాచారం చేశాక, రాత్రి 11 నుంచి తెల్లవారుజామున 5 దాకా బయట తిరగొద్దన్నారు. స్థానికులకు కొంత ఊరటనిచ్చే చర్యే ఇది. కానీ సముదాయం లోపలి దాడుల్లో చాలావరకు జరిగేది తెలిసినవాళ్ల చేతిలో, బ్యారక్స్ గదుల్లో. దాడి చేసేవాణ్ని కర్ఫ్యూ అదే గదుల్లోకి తోసి తలుపు వేస్తుంది. దాడికి గురైన సైనికురాలు ఆ రాత్రి తాను కూడా కర్ఫ్యూ మీరి ఉంటే, వయసు చాలకుండా మద్యం తాగి ఉంటే, శిక్ష తనకే పడుతుందని నోరు మూసుకుంటుంది. అలాంటి చిన్న తప్పులకు బాధితులను శిక్షించరాదన్న విధానం 2021 రక్షణ చట్టంతో గానీ రాలేదు.

దాపరికం కూడా ఒక సమస్య. 2023 డిసెంబరులో ఒకినావాలో పదహారేళ్లు నిండని బాలికపై ఒక అమెరికా వైమానిక సైనికుడు దాడి చేశాడు. మరుసటి మార్చిలో అభియోగాలు నమోదైనా, ఒకినావా ప్రభుత్వానికి ఆ సంగతి జూన్‌లో వార్తలు వచ్చేదాకా తెలియలేదు. 2024 డిసెంబరులో నాహా జిల్లా కోర్టు అతనికి ఐదేళ్ల జైలు వేసింది.

దాడికి ముందు

ఫిర్యాదు, విచారణ, శిక్ష ఇవన్నీ దాడి జరిగాక చేసే పనులు. అసలు జరగకుండా చూడటం మీద సైన్యం చాలా ఆలస్యంగా దృష్టి పెట్టింది. ఏడాదికోసారి హాల్లో కూర్చోబెట్టి స్లైడ్లు చూపించే శిక్షణతో పెద్దగా మార్పు రాదని సైనికులకే తెలుసు. అమెరికాలోని ర్యాండ్ పరిశోధన సంస్థ అధ్యయనాలు ఒక సంగతిని నిలకడగా చెబుతున్నాయి. లైంగిక వేధింపులు ఎక్కువగా ఉన్న యూనిట్లలో దాడులూ ఎక్కువే. అంటే బూతు జోకులు, వెకిలి వ్యాఖ్యలు, ఫోన్లలో ఫొటోలు పంచుకోవడం ఇవేవీ ‘చిన్న విషయాలు’ కావు. సార్జెంట్ వాటిని చూసి నవ్వి ఊరుకుంటే, ఆ యూనిట్‌లో ఎంతదాకా పోవచ్చో కుర్రాళ్లకు తెలిసిపోతుంది. అందుకే నివారణలో జనరల్ కంటే సార్జెంట్ పాత్ర పెద్దది.

2021లో అమెరికా రక్షణ శాఖ బృందాలు స్వదేశంతో పాటు జర్మనీ, స్పెయిన్‌లలోని స్థావరాలు కలిపి 20 చోట్లకు స్వయంగా వెళ్లి పరిశీలించాయి. నివారణ పని ఎక్కడ చూసినా ఇతర బాధ్యతల మధ్య అరకొరగా నడుస్తోందని తేలింది. దాని తర్వాత నివారణే పూర్తికాల ఉద్యోగంగా ఉండే నిపుణులను నియమించడం మొదలుపెట్టారు. వీరి పని ఒక్క లైంగిక దాడి గురించే కాదు. గృహహింస, ఆత్మహత్యలు, పిల్లలపై హింస వీటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న కారణాలను, అంటే ఒంటరితనం, తాగుడు, అదుపులేని పై అధికారులు, చూసే దిక్కులేని బ్యారక్స్ వంటివాటిని యూనిట్ల వారీగా గుర్తించి సరిచేయించడం. పక్కవాడు తప్పు చేస్తుంటే మధ్యలో కల్పించుకోవడం నేర్పే ‘గ్రీన్ డాట్’ శిక్షణను వైమానిక దళం 2016లోనే తీసుకుంది.

ఇతర దేశాలు

బ్రిటన్‌లో 2021లో పార్లమెంటు సభ్యురాలు సారా అథర్టన్ నడిపిన విచారణలో, స్పందించిన మహిళా సైనికులు, మాజీ సైనికుల్లో దాదాపు మూడింట రెండు వంతుల మంది వేధింపులు, వివక్ష, దాడులు ఎదుర్కొన్నామన్నారు. తీవ్ర నేరాలను కమాండర్లతో సంబంధం లేకుండా దర్యాప్తు చేసే విభాగం 2022 డిసెంబరులో ఏర్పడింది. కెన్యాలోని నన్యుకిలో ఉన్న బ్రిటిష్ సైనిక శిక్షణ కేంద్రం దగ్గర 2012లో ఒక యువతి హత్య, దాని చుట్టూ సాగిన మౌనం చర్చకు వచ్చాక, విదేశాల్లో డబ్బిచ్చి లైంగిక సంబంధం పెట్టుకోవడాన్ని బ్రిటిష్ సైన్యం 2022లో నిషేధించింది. కెనడాలో మాజీ సుప్రీంకోర్టు న్యాయమూర్తి మారీ డెషాంప్స్ 2015లో, మరో మాజీ న్యాయమూర్తి లూయీజ్ ఆర్బర్ 2022లో ఇచ్చిన నివేదికలు, ఇలాంటి నేరాలను పౌర పోలీసులకు అప్పగించాలన్న దిశగా దేశాన్ని నడిపించాయి. 2024లో పార్లమెంటు ముందుకొచ్చిన బిల్లు మాత్రం కెనడా గడ్డ మీద జరిగే నేరాలకే పరిమితమైంది. విదేశంలో జరిగినవాటిని అది సైన్యం చేతిలోనే ఉంచింది.

ఐక్యరాజ్య సమితి శాంతి దళాల్లో పనిచేసేవారికి 2003 నుంచి కఠినమైన నిషేధాలున్నాయి. డబ్బుకో తిండికో సెక్స్ కోరడం, పద్దెనిమిదేళ్లు నిండనివారితో సంబంధం పెట్టుకోవడం రెండూ నిషిద్ధమే. 2016 భద్రతా మండలి తీర్మానం 2272 ప్రకారం, ఇలాంటి దుశ్చర్యలు విస్తృతంగా జరిగాయని నమ్మదగిన ఆధారాలున్న దళాన్ని మొత్తంగా వెనక్కి పంపవచ్చు. కానీ నిందితుణ్ని విచారించే అధికారం సమితికి లేదు, అతని సొంత దేశానిదే. భారత్ ఈ దళాలకు ఎక్కువ మందిని పంపే దేశాల్లో ఒకటి. 2007లో లైబీరియాకు వెళ్లిన సీఆర్‌పీఎఫ్ మహిళా పోలీసు దళం, పూర్తిగా మహిళలతో ఏర్పడిన తొలి శాంతి దళ విభాగంగా 2016 దాకా అక్కడ పనిచేసింది. మన ఆర్మీ చట్టం, 1950లోని 70వ సెక్షన్ ప్రకారం, సైనికుడు పౌరులపై చేసిన అత్యాచారాన్ని మామూలుగా కోర్టు మార్షల్ విచారించకూడదు, అది సివిల్ కోర్టు పని. యుద్ధవిధుల్లో ఉన్నప్పుడు, నిర్దేశిత సరిహద్దు పోస్టుల్లో, భారతదేశం బయట ఎక్కడ జరిగినా మాత్రం ఆ నిషేధం వర్తించదు. కాంగోలోనో దక్షిణ సూడాన్‌లోనో మోహరించిన భారతీయ సైనికుడిపై అలాంటి ఆరోపణ వస్తే, కేసును అతని సైన్యపు కోర్టు మార్షలే విచారించవచ్చు.